సోల్ రికార్డులు: అసలు అచ్చూ, దొంగ అచ్చూ

2020లో ఇంగ్లండులో ఒక గ్రామఫోను రికార్డు లక్ష పౌన్లకు చేతులు మారింది. ఏడంగుళాల చిన్న రికార్డు. ఇటొక పాట, అటొక పాట. పాడినవాడు ఫ్రాంక్ విల్సన్ అనే అమెరికన్ నల్లజాతి గాయకుడు. పాట ‘డూ ఐ లవ్ యూ’. 1965 చివర మోటౌన్ కంపెనీ తన ‘సోల్’ అనే లేబులు కింద దాన్ని అచ్చు వేసింది. రేడియోలవాళ్లకు పంపే నమూనా ప్రతులు రెండు వందల యాభై దాకా వేశారంటారు. ఇంతలో విల్సన్ గాయకుడుగా కాక పాటల రచయితగా, నిర్మాతగా కొనసాగాలని నిర్ణయం జరిగింది. రికార్డు అమ్మకానికి రానేలేదు. వేసిన ప్రతులు నాశనం చేశారు. తప్పించుకున్నవి చేతివేళ్లకు మించవు. వాటిలో ఒకటి 2009లో పాతికవేల పౌన్లు దాటింది. పదకొండేళ్లకు ధర లక్షకు చేరింది.

ఆ పాట వినడానికి లక్ష పౌన్లు అక్కర్లేదు. 1979లో మోటౌన్ లేబులు మీదే అది బ్రిటన్‌లో విడుదలైంది. తరువాత ఎన్నో సంకలనాల్లోకి ఎక్కింది. ఈనాడు చేతిలో ఫోను ఉన్న ఏ విద్యార్థి అయినా కానీ ఖర్చు లేకుండా వినవచ్చు. విని, బాగుందో లేదో తనే తేల్చుకోవచ్చు. (చాలా బాగుంటుంది. ఆ గొంతులో ఉత్సాహం తాళం కన్నా ఒక అడుగు ముందు పరుగెత్తుతున్నట్టు ఉంటుంది.) కనుక కొన్నవాడు కొన్నది పాట కాదు. పాట ఉన్న వస్తువు. ఆ వస్తువులో కూడా, అదే పాట ఉన్న తక్కిన వస్తువుల్లో లేనిదేదో కొన్నాడు. అదేమిటన్నది ప్రశ్న.

మన మిత్రుల్లో దీనికి చటుక్కున జవాబు చెప్పేవారున్నారు. ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో మార్క్సు వివరించిన సరుకు మాయ ఇదే, డబ్బు ముదిరినవాళ్ల పిచ్చి, దీని మీద కాగితం ఖర్చు దేనికి అంటారు. మాట తప్పు కాదు. కాని అది విమర్శ మొదలుపెట్టవలసిన చోట విమర్శ ముగించటం. సరుకు మాయ చెప్పుల జతలోనూ ఉంది, సబ్బుబిళ్లలోనూ ఉంది. ఏడంగుళాల ప్లాస్టిక్ బిళ్ల ఒక్కదానికి ఇంత మాయ ఎలా పట్టింది, ఎవరి చేతుల మీదుగా పట్టింది, అందులో ఎవరి శ్రమ కనబడకుండా పోయింది అని చెప్పలేకపోతే సిద్ధాంతం పేరు చెప్పి తప్పించుకున్నట్టే. ఇక సేకరణదారులను అడిగితే ‘సంగీతం మీద ప్రేమ’ అంటారు. ప్రేమ ఉండవచ్చు, చాలామందిలో నిజంగానే ఉంది. కాని ప్రేమ వల్ల ధర ఏర్పడదు.

ముందు ‘అరుదు’ అనే మాట సంగతి చూద్దాం. తాళపత్ర గ్రంథం అరుదు కావటంలో వింత లేదు. దాన్ని ఒక మనిషి కూర్చుని గంటంతో గీశాడు. రికార్డు పుట్టుకే వేల ప్రతుల కోసం. ఒక్క అచ్చు నుంచి ఒకే రకం బిళ్లలు గుట్టలుగా వచ్చిపడాలి. అలాటి వస్తువు అరుదైపోయిందంటే దాని బతుకులో ఎక్కడో దెబ్బ తగిలిందన్నమాట. అరుదైన సోల్ రికార్డు అంటే చాలా వరకు ఓడిపోయిన రికార్డు.

దెబ్బలు ఎక్కడ తగిలాయో తెలియాలంటే అప్పటి అమెరికా రికార్డు వ్యాపారం కొంత తెలియాలి. నల్లవాళ్ల చర్చి పాట, బస్తీల్లోని బ్లూస్ పాట కలిసి 1950ల చివర సోల్ సంగీతం రూపు కట్టింది. అప్పటికే 45 చుట్ల రికార్డు వచ్చి ఉంది; 1949లో ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీ దాన్ని ప్రవేశపెట్టింది. చవక సరుకు, తేలిక సరుకు, జ్యూక్‌బాక్సులో ఇమిడే సరుకు. దాంతో చేతిలో కొద్ది డబ్బు ఉన్నవాడు కూడా ఒక గాయకుణ్ణి పట్టుకుని, అద్దె స్టూడియోలో రెండు పాటలు చేయించి, లేబులుకో పేరు పెట్టుకుని రంగంలోకి దిగగలిగాడు. డెట్రాయిట్, షికాగో, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజిలస్ నగరాల్లో ఇలాటి లేబుళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. చాలావాటి ఆయుష్షు రెండు మూడు రికార్డులే. అచ్చు వేసే ఫ్యాక్టరీకి ముందే డబ్బు కట్టాలి. పంపిణీదారు ఎప్పుడిస్తాడో అతని దయ. అమ్ముడుపోని సరుకు తిరిగొస్తుంది. రేడియోలో పాట వేయించుకోవటానికి లంచాలు; ఆ లంచాల బాగోతం మీద 1959, 60లలో అమెరికన్ కాంగ్రెసు విచారణే జరిపింది. తెల్లవాళ్ల స్టేషన్లలో నల్లవాళ్ల పాటకు చోటు దొరకటం ఇంకో కథ. చిత్రమేమిటంటే, పాట బాగా ఆడినా చిన్న లేబులు మునిగేది. మరో పదివేలు అచ్చు వేయటానికి కావలసిన డబ్బు పంపిణీదారు దగ్గర ఇరుక్కుని ఉండేది.

ఈ జూదంలో గెలిచినవాడు బెర్రీ గోర్డీ. ఆయన డెట్రాయిట్‌లో ఫోర్డు వాళ్ల లింకన్-మెర్క్యురీ కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. 1959లో కుటుంబం దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని మోటౌన్ స్థాపించాడు. ఒక మూల చట్రంగా వెళ్లి మరో మూల కారుగా బయటికి వచ్చే ఆ పద్ధతినే పాటకు పట్టించానని స్వయంగా చెప్పుకున్నాడు. రాసేవాళ్లు, వాయించేవాళ్లు, పాడేవాళ్లు, చివర నాణ్యత పరీక్షించే సమావేశం. సరుకు బయటికి వదలటమా, ఆపటమా అన్నది కంపెనీ ఇష్టం. ఫ్రాంక్ విల్సన్ ఆ కంపెనీ లాస్ ఏంజిలస్ శాఖ మనిషి. తరువాత ఎడ్డీ కెండ్రిక్స్ లాటివాళ్లకు పెద్ద విజయాలు సమకూర్చిన నిర్మాత అయ్యాడు, 2012లో చనిపోయాడు. ఆయన రికార్డు అరుదు కావటానికి పేదరికం కారణం కాదు. యజమాన్యం తీసుకున్న ఒక నిర్ణయం కారణం. సేకరణదారుల జాబితాలో పక్కపక్కన కనిపించే రెండు అరుదైన రికార్డుల వెనక ఇలా రెండు వేరు వేరు చరిత్రలుంటాయి: ఒకదాన్ని డబ్బు లేక తీయలేకపోయారు, మరొకదాన్ని డబ్బున్నవాడు తొక్కేశాడు. ధరల పట్టిక ఈ తేడాను చెప్పదు.

అమెరికాలో ఓడిపోయిన ఈ రికార్డులకు రెండో బతుకు ఇచ్చినవాళ్లు ఉత్తర ఇంగ్లండులోని శ్రామిక యువకులు. మాంచెస్టర్‌లో ట్విస్టెడ్ వీల్, స్టోక్ ప్రాంతంలో టార్చ్, బ్లాక్‌పూల్‌లో మెకా, అన్నిటికన్నా పేరుమోసింది విగన్ కసీనో. విగన్ అంటే బొగ్గుగనుల ఊరు, నూలుమిల్లుల ఊరు. ఆర్వెల్ 1937 నాటి పుస్తకం పుణ్యమా అని మన పాఠకులు కూడా ఎరిగిన ఊరు. అక్కడ 1973 సెప్టెంబరు నుంచి 1981 డిసెంబరు దాకా వారం వారం రాత్రంతా నాట్యం సాగింది. అర్ధరాత్రి దాటాక తలుపులు తెరిస్తే ఉదయం ఎనిమిదికి ముగింపు. మద్యం అమ్మేవారు కారు. లండన్‌లో రికార్డుల దుకాణం నడిపిన డేవ్ గోడిన్ అనే రచయిత 1970లో ఈ అభిరుచికి ‘నార్తర్న్ సోల్’ అని పత్రికలో పేరు పెట్టాడు. ఉత్తరాది నుంచి వచ్చే కొనుగోలుదారులు ఎలాటి పాటలు అడుగుతారో గమనించి పెట్టిన పేరు అది.

ఈ యువకులు చేసిన పనిని తక్కువ చేయకూడదు. వాళ్లకు ఏ పత్రికా ఏ పాట మంచిదో చెప్పలేదు. ఏ కంపెనీ ప్రకటనలూ లేవు. పాట బాగుంటే బల్లచెక్కల నేల నిండేది, బాగుండకపోతే ఖాళీ అయేది. అమెరికన్ వ్యాపారం పనికిరాదని గోదాముల్లో పారేసిన వేలాది రికార్డులను వాళ్లు తిరగేసి, తమ చెవులతో, తమ కాళ్లతో తూచి, ఇది నిలుస్తుంది, ఇది నిలవదు అని తేల్చారు. అది అక్షరాలా సాహిత్య విమర్శకుడు చేయవలసిన పనే. మన విమర్శకుల్లో చాలామంది చేయని పని కూడాను. గ్లోరియా జోన్స్ పాడిన ‘టెయింటెడ్ లవ్’ 1965లో ఒక చిన్న లేబులు మీద వెనక వైపు పాటగా వచ్చి ఎవరికీ పట్టకుండా పోయింది. 1970లలో ఈ క్లబ్బులు దాన్ని తలకెత్తుకున్నాయి. 1981లో సాఫ్ట్ సెల్ అనే బృందం పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. పాట విలువను కంపెనీల కన్నా పదేళ్లు ముందు పసికట్టినవాళ్లు ఫ్యాక్టరీ కుర్రవాళ్లు.

ఐతే ఆ అభిరుచికి హద్దులూ ఉన్నాయి. వాళ్లు ప్రేమించింది 1965 ప్రాంతపు డెట్రాయిట్ వరస. 1967 జూలైలో ఆ డెట్రాయిట్ తిరగబడింది; 43 మంది చచ్చిపోయారు. 1968లో అక్కడి డాడ్జ్ కార్ల ఫ్యాక్టరీలో నల్లజాతి కార్మికులు డ్రమ్ అనే విప్లవ సంఘం పెట్టుకున్నారు. నల్లవాళ్ల సంగీతమూ మారింది, గొంతు గట్టిపడింది, లయ విరిగి కొత్తగా కూడింది. విగన్‌కు మాత్రం ఆ మార్పు అక్కర్లేదు. గుర్రపు పరుగులాటి పాత దరువే కావాలి. బ్లాక్‌పూల్ వాళ్లు కొత్త రికార్డులు వేస్తే ఉద్యమం రెండుగా చీలినంత గొడవ అయింది. నార్తర్న్ సోల్ కుర్రవాళ్లు సంచుల మీదా చొక్కాల మీదా కుట్టుకున్న గుర్తు చూడండి: బిగించిన నల్ల పిడికిలి. అది బ్లాక్ పవర్ పిడికిలి. అట్లాంటిక్ దాటేసరికి నాట్యశాల బిళ్ల అయింది. అందులో సంఘీభావం అసలు లేదని నేననను. కాని పిడికిలి ఎవరి మీద బిగిసిందో ఆ కుట్టుపని చెప్పదు.

ఈ నాట్యశాలల్లోనే పోటీ పుట్టింది. రికార్డులు వేసేవాడికి, అంటే డీజేకి, ఎదుటి క్లబ్బులో లేని పాట తన దగ్గర ఉండటమే గొప్ప. దాని పేరు ఎదుటివాడికి తెలిస్తే వాడూ సంపాదిస్తాడు. కనుక లేబులు మీద తెల్లకాగితం అంటించి, పాటకో దొంగ పేరు, గాయకుడికో దొంగ పేరు పెట్టడం మొదలైంది. ఈ విద్య వీళ్లు కనిపెట్టింది కాదు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే జమైకాలో వీధి నాట్యాలకు రికార్డులు వేసే కాక్సన్ డాడ్, విలిస్ జాక్సన్ వాయించిన ఒక అమెరికన్ రికార్డు లేబులు గీకేసి దానికి ‘కాక్సన్ హాప్’ అని తన పేరే పెట్టాడు. ప్రత్యర్థి డ్యూక్ రీడ్ అసలు పేరు కనిపెట్టి తనూ వేసేదాకా అది నడిచింది. అమెరికాలో అనామకుడుగా మిగిలిన గాయకుణ్ణి, ఆయన పాటను నెత్తిన పెట్టుకున్న చోట మరోసారి అనామకుణ్ణి చేయటం ఇది. విల్సన్ పాటకూ ఇదే గతి పట్టింది. 1970ల చివర దాని దొంగ అచ్చు వెలువడినప్పుడు లేబులు మీద ఉన్న పేరు ఎడ్డీ ఫాస్టర్.

దొంగ అచ్చులు పెరిగినకొద్దీ అసలుదాన్ని గుర్తుపట్టే శాస్త్రమూ పెరిగింది. ఇక్కడ సేకరణదారు నిజంగా పండితుడు. వేమన పద్యాలకు బ్రౌను ప్రతులు సేకరించి పోల్చిన ఓపిక ఎలాటిదో ఇదీ అలాటిదే. ఈ శాస్త్రాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు విషయం ఇందులోనే దాగి ఉంది.

రికార్డు తయారయే తీరు ఇది. పాట ఉన్న టేపు నుంచి ఇంజనీరు మెత్తని లక్కలాటి పూత పూసిన పళ్లెం మీద గాడి కోస్తాడు. ఆ పళ్లెం మీద వెండి, ఆపైన నికెలు పట్టించి తిరగబోసిన లోహపు అచ్చులు తీస్తారు. చివరి అచ్చును యంత్రానికి బిగించి రికార్డులు నొక్కుతారు. పాట ముగిశాక, గాడికీ లేబులుకీ మధ్య నున్నటి వలయం ఒకటి మిగులుతుంది. సంఖ్యలూ గుర్తులూ ఉండేది అక్కడే. దీపం కింద రికార్డు ఏటవాలుగా పట్టుకుంటే కనబడతాయి. మొదట మాట్రిక్సు నంబరు: ఏ పాట, ఏ కోత అని చెప్పేది. తరువాత కోసిన స్టూడియో, లోహపు అచ్చు చేసిన కర్మాగారం, నొక్కిన ఫ్యాక్టరీ తమ తమ ముద్రలు వదిలిపెడతాయి. న్యూయార్కులో కోసినదైతే ‘బెల్ సౌండ్’ అనే ముద్ర ఉండవచ్చు, పక్కన ఎస్.ఎఫ్. అని ఉంటే కోసిన ఇంజనీరు సామ్ ఫెల్డ్‌మన్ అని అర్థం. లాస్ ఏంజిలస్‌లో మొనార్క్ ఫ్యాక్టరీలో తయారైనదైతే చిన్న త్రికోణమూ దాని పక్కన ఒక సంఖ్యా ఉంటాయి. ఆ సంఖ్యలు వరసగా పెరుగుతూ పోతాయి కనుక రికార్డు ఏ ఏటిదో లెక్క కట్టవచ్చు. మిచిగన్ రాష్ట్రంలో ఒవాసో అనే చిన్న ఊళ్లో అమెరికన్ రికార్డ్ ప్రెస్సింగ్ అనే ఫ్యాక్టరీ ఉండేది. మోటౌన్ సరుకులో పెద్ద భాగం అక్కడ నొక్కినదే. దాని ముద్ర ఎ.ఆర్.పి. అనే మూడక్షరాలు. ఆ ఫ్యాక్టరీ 1972లో కాలిపోయింది. ముద్రలు రికార్డుల మీద మిగిలాయి.

తరువాత పదార్థం. అమెరికన్ సింగిళ్లు రెండు రకాల ప్లాస్టిక్‌తో చేసేవారు. వినైలు ముద్దను వేడి మీద రెండు అచ్చుల మధ్య నొక్కితే రికార్డు. లేబులు కాగితం ఆ నొక్కుడులోనే కలిసిపోతుంది. స్టైరీన్‌ను కరిగించి అచ్చులోకి ఎక్కిస్తారు; లేబులు తరువాత అంటిస్తారు, అందుకని ఒక్కొక్కప్పుడు లేచివస్తుంది. స్టైరీన్ బిరుసుగా ఉంటుంది, వంగదు. పని తొందరగా తెములుతుంది, లోహపు అచ్చు ఎక్కువ కాలం నిలుస్తుంది, ఫ్యాక్టరీకి లాభం. నష్టమంతా కొన్నవాడిది: ముల్లు తిరిగినకొద్దీ గాడి అరిగి గరగర మొదలవుతుంది. రేడియోవాళ్లు పాట మొదలు వెతకటానికి రికార్డును ముందుకీ వెనక్కీ తిప్పుతారు కనుక నమూనా ప్రతుల్లో మొదటి కొన్ని క్షణాలే ముందు పాడవుతాయి. ఒక పాట మొదట స్టైరీన్ మీద మాత్రమే వచ్చిందని తెలిసినప్పుడు, వినైలు ప్రతి కనిపిస్తే అది తరువాతి అచ్చో దొంగ అచ్చో అయి ఉండాలి. (రికార్డులు వినైలుకి మారటంలో మన దేశానికీ కొంత భాగం ఉంది. అంతకు ముందరి 78 చుట్ల రికార్డులకు ముడిసరుకు లక్క. అందులో చాలా భాగం ఛోటానాగ్‌పూర్ అడవుల్లో ఆదివాసులు చెట్ల కొమ్మల నుంచి గీకి తెచ్చినది. యుద్ధంలో లక్క రావటం కష్టమై 1942లో అమెరికా దాని వాడకం తగ్గించింది. రికార్డు వెనక ఉన్న కూలీ ఒక్క ఫ్యాక్టరీలోనే లేడు.)

దొంగ అచ్చు వేసేవాడి దగ్గర అసలు టేపు ఉండదు, అసలు రికార్డు ఒకటి ఉంటుంది. దాన్ని వాయించి టేపు కట్టి మళ్లీ కోస్తాడు. అందుకని దొంగ అచ్చులో ధ్వని మొద్దుబారి ఉంటుంది; చెవి పెట్టి వింటే కొత్త రికార్డు లోపల పాత రికార్డు గరగర వినిపిస్తుంది. లేబులును ఫోటో తీసి అచ్చు వేస్తాడు కనుక సన్నని అక్షరాలు పూడిపోతాయి, రంగు ఒక పిసరు తేడా వస్తుంది. మాట్రిక్సు నంబరు గోటితో గీసినట్టు చేత్తో గీస్తాడు. అసలుదాని మీద యంత్రంతో కొట్టిన ముద్ర ఉంటుంది. చేతిగీతను అనుకరించటం తేలికే గాని, ఫ్యాక్టరీ కొట్టిన ముద్రను అనుకరించటం ఖర్చుతో కూడిన పని. ఈ మధ్య వచ్చే దొంగ అచ్చులు ఇంతకన్నా నేర్పుగా ఉంటున్నాయి కనుక, తూకం, అంచు మందం, లేబులు కాగితం జిగి దాకా చూస్తున్నారు.

ఇప్పుడు ఆ నున్నటి వలయం వైపు మరోసారి చూడండి. లేబులు మీద ఉన్నవి ఎవరి పేర్లు? కంపెనీ, ప్రచురణ హక్కుదారు, నిర్మాత, రచయిత, గాయకుడు. అంటే ఆస్తి హక్కులున్నవాళ్లు, కంపెనీ ముందుకి నెట్టిన ముఖం. వాయించినవాళ్ల పేర్లు లేవు. మోటౌన్ విజయాలకు వెన్నెముక అయిన ఫంక్ బ్రదర్స్ బృందం పేరు ఆ సింగిళ్ల మీద వెతికినా కనపడదు. జేమ్స్ జేమర్సన్ బేసు గిటారు 1960లలో ప్రపంచమంతటా మోగింది. మోటౌన్ రికార్డు అట్ట మీద ఆయన పేరు చదవటానికి 1971లో మార్విన్ గే ఆల్బం దాకా ఆగవలసివచ్చింది. ఆయన 1983లో పోయాడు. వాళ్ల కథ మీద డాక్యుమెంటరీ సినిమా వచ్చింది 2002లో. ఈ బృందం డబ్బు చాలక అదే ఊళ్లో గోల్డెన్ వరల్డ్, రిక్-టిక్ లేబుళ్లకు చాటుగా వాయించేది. ఆ సంగతి ఏ లేబులూ చెప్పదు. కాని అసలైన శ్రోత ఒక రిక్-టిక్ రికార్డు వింటూనే, ఈ డోలు మోటౌన్ డోలే అని పట్టేస్తాడు. 1966లో గోర్డీ గోల్డెన్ వరల్డ్‌ను కొనేశాడు, 1968లో రిక్-టిక్ కూడా ఆయన చేతిలోకి వచ్చింది. చాటున వాయించే చోటు అలా మూతపడింది.

శ్రమ చేసినవాళ్ల జాడ లేబులు మీద లేదు. ధ్వనిలో ఉంది, వలయంలోని గీతల్లో ఉంది. ఆ జాడలను ఓపికగా పట్టుకుని, పోల్చి, రాసిపెట్టినవాళ్లు విశ్వవిద్యాలయాల పరిశోధకుల కన్నా చాలా ముందు ఈ సేకరణదారులే. కనుక వాళ్ల విద్యను ‘డబ్బున్నవాళ్ల పిచ్చి’ అని తోసేసే మిత్రులు ఒక కార్మిక చరిత్ర ఆకరాన్ని కూడా తోసేస్తున్నారు. నా ఫిర్యాదు ఇంకొకటి. సేకరణదారు ఆ మూడక్షరాల ముద్రను ఒకే ఒక్క ప్రశ్న వేయటానికి చదువుతాడు: ఇది ఎంత చేస్తుంది? ఒవాసోలో ఆ యంత్రాల ముందు రోజుకు ఎన్ని గంటలు నిలబడ్డారు, ఎవరు నిలబడ్డారు, ఫ్యాక్టరీ కాలిపోయాక వాళ్లేమయ్యారు అన్నవి అదే ముద్ర నుంచి పుట్టవలసిన ప్రశ్నలు. అవి పుట్టవు. పాఠపరిష్కర్త ప్రతుల్ని పోల్చేది మంచి పాఠం లోకానికి ఇవ్వటానికి. ఇక్కడ పోల్చేది తక్కిన ప్రతుల్ని తక్కువ చేయటానికి.

కొన్ని క్లబ్బుల్లో ‘అసలు అచ్చు తప్ప వేయరాదు’ అనే నియమం ఉంది. దాన్ని నీతిగా చెబుతారు: దొంగ అచ్చు వేసేవాడు గాయకుడి నోరు కొట్టాడు గనక. దొంగ అచ్చు గాయకుడికి పైసా ఇవ్వదన్నది ఎవరూ కాదనలేరు. పైగా 1972 ఫిబ్రవరి 15కు ముందు చేసిన ధ్వని రికార్డులకు అమెరికన్ ఫెడరల్ కాపీరైటు రక్షణ ఉండేది కాదు, దొంగలకు అది కలిసొచ్చింది. కాని అసలు అచ్చు చేతులు మారితే గాయకుడికి ఏమొస్తుంది? ఏమీ రాదు. మొదటిసారి దుకాణంలో అమ్మినప్పుడు రావలసినది వస్తే వచ్చింది, లేకపోతే లేదు. నమూనా ప్రతి ఐతే ఆ మాటా లేదు, దాని మీద ‘అమ్మరాదు’ అని అచ్చు వేసి ఉంటుంది. 2020 నాటి లక్ష పౌన్లలో విల్సన్ వారసులకు హక్కుగా రావలసినది సున్న. బ్రిటన్‌లో చిత్రకారుడి బొమ్మ దుకాణాలో వేలంపాటలో మళ్లీ మళ్లీ అమ్ముడుపోతే అతనికో వారసులకో కొంత భాగం ఇవ్వాలని చట్టం ఉంది. రికార్డుకు ఆ చట్టం వర్తించదు. వస్తువును అపురూప కళాఖండంగా అమ్ముతారు, గాయకుణ్ణి మాత్రం ఫ్యాక్టరీ సరుకు తయారుచేసినవాడి లెక్కలో పెడతారు.

సేకరణదారులు ఈసడించే మూడో రకం ప్రతి ఒకటి ఉంది: హక్కులు తీసుకుని వేసిన కొత్త అచ్చు. లండన్‌లో ఏస్ రికార్డ్స్ వాళ్ల కెంట్ లేబులు 1982 నుంచి ఈ పని చేస్తోంది. పాత కంపెనీల టేపులు వెతికి, ఒప్పందం రాసుకుని, అసలు టేపు నుంచే కోసి, ఎవరు ఎప్పుడు ఎక్కడ పాడారో వివరంగా రాసి అచ్చు వేస్తారు. ధ్వని అరిగిపోయిన స్టైరీన్ కన్నా మేలు. హక్కుల డబ్బు ముడుతుంది. అందులో గాయకుడి వాటా ఎంతన్నది అతని పాత ఒప్పందాన్ని బట్టి ఉంటుంది, ఆ ఒప్పందాలు ఎంత అన్యాయమైనవో వేరే వ్యాసం అవుతుంది. ఐనా ఉన్నవాటిలో గాయకుడి దాకా ఎంతోకొంత చేరే దారి ఉన్న ప్రతి ఇదొక్కటే. దాని ధర పది పన్నెండు పౌన్లు. అసలు ప్రతుల జాతరలో దానికి విలువ లేదు.

ఆ టేపుల వెతుకులాటలో అనుకోనిది ఒకటి బయటపడింది. 1960లలో పాడించి, కంపెనీలు ఒక్క ప్రతి కూడా నొక్కకుండా అరల్లో పడేసిన పాటలు దొరికాయి. మెల్బా మూర్ పాడిన ‘మ్యాజిక్ టచ్’ అలాటిది. 1980లలో కెంట్ వాళ్లు బయటపెట్టేదాకా లోకం దాన్ని వినలేదు. దానికి అసలు అచ్చు లేదు, దొంగ అచ్చుతో పోల్చటానికి త్రికోణం లేదు, మూడక్షరాల ముద్ర లేదు. నాట్యశాలల్లో జనం మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా దానికి నాట్యం చేశారు. లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలోని 100 క్లబ్బులో ఏటా జరిగే సోల్ వార్షికోత్సవానికి వచ్చినవాళ్లకు కెంట్ వాళ్లు ప్రత్యేకంగా ఒక సింగిల్ అచ్చు వేయించి ఊరికే పంచటం ఆనవాయితీ అయింది. ఊరికే పంచినవి కనుక అవి తక్కువ ప్రతులే. తక్కువ ప్రతులు కనుక ఇప్పుడు వాటికీ బేరాలు సాగుతున్నాయి.